ప్రాక్పశ్చిమ సంఘర్షణ ఎవరి ఇంట్లో జరుగుతుంది? వలసానంతర నవల మీద వ్యాసం రాయబోయే విద్యార్థికి సమాధానం

మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో చెప్పుకుంటాను. ఎం.ఏ. ఇంగ్లీషు చివరి సంవత్సరంలో రాయవలసిన సిద్ధాంత వ్యాసానికి వలసానంతర నవలలో, అంటే వలసపాలన అనుభవం నుంచి పుట్టిన నవలలో, సాంస్కృతిక అస్తిత్వాన్నీ ప్రాక్పశ్చిమ (తూర్పు పడమరల) సంఘర్షణనూ మీరు విషయంగా తీసుకున్నారు. అది అరిగిపోయిన విషయమని మీ పర్యవేక్షకులు పెదవి విరిచారు. ఇప్పటివరకు చదివిన నవలల్లో కథానాయకుడు పైచదువుకు సీమకు వెళ్లడం, తిరిగి వచ్చి ఊళ్లో ఇమడలేకపోవడం, చివరికి రెంటికీ చెడ్డ రేవడి కావడం తప్ప మరొకటి కనిపించడం లేదని మీరే అంటున్నారు. తెలుగు నవలకు ఈ చర్చలో చోటు ఉంటుందా అన్నది మీ చివరి సందేహం. హైదరాబాదు కళాశాలల్లో చాలాకాలం ఇంగ్లీషు సాహిత్యం బోధించి, ఇదే విషయం మీద వచ్చిన వ్యాసాలు అనేకం దిద్దిన అనుభవంతో ఈ సమాధానం రాస్తున్నాను.

విషయాన్ని వదులుకోనక్కరలేదు. మీ పర్యవేక్షకుల విసుగుకు మాత్రం కారణం ఉంది. భారతీయ ఆంగ్ల నవల మీద మీనాక్షీ ముఖర్జీ రాసిన 'ది ట్వైస్ బార్న్ ఫిక్షన్' 1971లో వచ్చింది. ప్రాక్పశ్చిమ సమాగమం అప్పటికే ఆ పుస్తకంలో ప్రత్యేకంగా చర్చించవలసినంత స్థిరపడిన ఇతివృత్తం. ఆ తరువాత యాభై ఏళ్లకు పైగా మన విశ్వవిద్యాలయాల్లో వచ్చిన వ్యాసాలలో అధిక భాగం కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసి, ఒకవైపు కుటుంబం, సంప్రదాయం, ఆధ్యాత్మికత అనీ, మరొకవైపు వ్యక్తి స్వేచ్ఛ, యంత్రం, భౌతిక సుఖం అనీ రాసుకొని, నవలలోని పాత్రలను ఆ రెండు వరుసల్లో సర్దిపెట్టడంతో సరిపెట్టాయి. ఈ విభజన పాలకుల కచేరీలలో, వారి విద్యాపీఠాలలో తయారైనదని 1978లో ఎడ్వర్డ్ సయీద్ 'ఓరియంటలిజం'లో విస్తారంగా చూపించాడు. వింత ఏమిటంటే, మన విద్యార్థులు మొదటి అధ్యాయంలో సయీద్‌ను శ్రద్ధగా ఉదహరించి, రెండో అధ్యాయం మొదలుకాగానే ఆ రెండు వరుసల దగ్గరికే తిరిగి వెళతారు.

నేను మీ ముందు ఉంచదలచుకున్న మాట ఇది. ఈ కోవలో నిలిచిన నవలలను జాగ్రత్తగా చదివితే, తెల్లవాడు ఊళ్లో అడుగుపెట్టకముందే ఇంట్లో బీటలు ఉన్నాయి. వారసుడికీ తండ్రికీ మధ్య, స్త్రీకీ కులపెద్దలకూ మధ్య, వెలివేతకు గురైనవాడికీ వెలివేసినవాడికీ మధ్య ఉన్న ఆ బీటలలోకి పశ్చిమం ప్రవేశిస్తుంది. అది ఒకరికి దారిగా, ఒకరికి ఆయుధంగా, ఒకరికి పిడుగుపాటుగా కనిపిస్తుంది. అందువల్ల ఫలానా పాత్ర తూర్పుదా పడమరదా అని అడగడం వృథా. ఈ ఇంట్లో పాత కట్టుబాటు వల్ల లాభపడినవారు ఎవరు, నలిగినవారు ఎవరు, కొత్తగా వచ్చిన చదువు, మతం, న్యాయస్థానం వారిలో ఎవరెవరికి ఏ రూపంలో కనిపించాయి అని అడిగితే, ఒకేలా అనిపించిన నవలలు ఒకదానికొకటి దూరంగా జరగడం మీరే గమనిస్తారు.

దీనికి మన నగరమే మంచి పాఠం. ఆంగ్ల నవలాకారుడు ఇ.ఎం. ఫార్స్టర్ 'ఎ పాసేజ్ టు ఇండియా' నవలను 1924లో ప్రచురించినప్పుడు సయ్యద్ రాస్ మసూద్‌కు అంకితమిచ్చాడు, తమ స్నేహానికి పదిహేడేళ్లని అంకితంలోనే రాశాడు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్‌కు మనుమడైన ఈ మసూద్ ఆ కాలంలో నిజాం రాజ్యంలో విద్యాశాఖ అధిపతి. 1921లో రెండోసారి భారతదేశం వచ్చిన ఫార్స్టర్ ఆయనను చూడడానికి హైదరాబాదుకూ వచ్చాడు. ఇంగ్లీషువాడూ భారతీయుడూ నిజంగా స్నేహితులు కాగలరా అన్నదే ఆ నవలను నడిపించే ప్రశ్న. ఇప్పుడే కాదన్న జవాబుతో భారతీయుడైన అజీజ్, ఇంగ్లీషువాడైన ఫీల్డింగ్‌ల గుర్రాలు చివరి పుటలో విడిపోతాయి. సరిగ్గా ఆ 1921లోనే, నవంబరులో, వివేకవర్ధిని థియేటరులో మహర్షి కర్వే అధ్యక్షతన సంఘ సంస్కరణ సభ జరిగింది. అక్కడ ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో సాగిన ఉపన్యాసాలను సభికులు సావధానంగా విన్నారు. అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడడానికి లేచినప్పుడు మాత్రం గేలి చేశారు. ఆ అవమానమే తెలుగువారి సంస్థ అయిన ఆంధ్ర జనసంఘం పుట్టుకకు కారణమైంది. ఆ సభలో వెక్కిరించినవారు తూర్పువారే, వెక్కిరింపుకు గురైనవాడూ తూర్పువాడే. ఒకే నగరంలో, ఒకే ఏడాదిలో, మసూద్ ఆతిథ్యంలో ఉన్న ఫార్స్టర్ మనసులో ఉన్న ప్రశ్న ఒకటి, తెలుగువాడి గొంతులో ఇరుక్కున్న ప్రశ్న వేరొకటి.

ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని కూడా ఈ కోణం నుంచి చూడవచ్చు. 1918లో అది మొదలైనప్పుడు బోధనభాష ఇంగ్లీషు కాదు, ఉర్దూ. పాశ్చాత్య శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తేవడానికి దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థనే నెలకొల్పారు. దేశభాషలో ఉన్నత విద్య అసాధ్యమన్న వలసపాలకుల వాదానికి అది గట్టి జవాబు, ఆ సాహసాన్ని తక్కువ చేయవలసిన పని లేదు. అయితే తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడే ప్రజలు అధిక సంఖ్యలో ఉన్న రాజ్యంలో, ఇంగ్లీషును కాదనడమే వారికి పూర్తి జవాబు కాలేదు. నేను పనిగట్టుకొని స్థానిక చరిత్ర చెప్పడం లేదు. కోఠిలో బ్రిటిష్ రెసిడెంటూ, చౌమహల్లాలో నిజామూ, ఊళ్లో దేశముఖూ ఉన్న రాజ్యంలో పెరిగినవారి వారసులకు, అధికారం ఎప్పుడూ ఒక్క దిక్కు నుంచే రాదని వేరెవరో సిద్ధాంతీకరించి చెప్పనక్కరలేదు. ఆ అవగాహనను మీరు ఆఫ్రికా నవలల దగ్గరికి తీసుకెళ్లండి.

నైజీరియా రచయిత చినువా అచెబె 'థింగ్స్ ఫాల్ అపార్ట్' 1958లో వచ్చింది. తరగతి గదుల్లో దీన్ని ఒకాంక్వో అనే వీరుడి పతనంగా, ఉముఓఫియా అనే నిండైన లోకం తెల్లవారి రాకతో కూలిపోయిన కథగా చెబుతారు. అది నిండైన లోకమేనా? ఒకాంక్వో కొడుకు న్వోయె మిషనరీల వైపు వెళ్లడానికి కారణం త్రిత్వ సిద్ధాంతం కాదు. దాని తర్కం అతనికి అర్థం కాలేదని అచెబె స్పష్టంగానే రాస్తాడు. కవలలు పుడితే అడవిలో పారేసే ఆచారం, తనతో అన్నలా మూడేళ్లు పెరిగిన ఇకెమెఫునాను పెద్దల మాట మీద చంపడం, ఆ వధలో కత్తి ఎత్తినవాళ్లలో తన కన్నతండ్రే ఉండడం ఆ పిల్లవాడి మనసులో ఎవరితోనూ చెప్పుకోలేని ప్రశ్నలుగా మిగిలిపోయాయి. మిషనరీల పాట ఆ ప్రశ్నలకు తగిలింది. అలాగే న్నెకా అనే స్త్రీ. నాలుగు కాన్పుల్లోనూ కవలలనే కని, నాలుగుసార్లూ పోగొట్టుకొని, మళ్లీ కడుపుతో ఉన్నప్పుడు ఆమె కొత్త మతంలోకి వెళుతుంది. ఆమెకు నవలలో దక్కిన చోటు కొద్ది వాక్యాలే. మీ వ్యాసంలో ఆమెకు అంతకంటె ఎక్కువ చోటు ఇవ్వండి. సాంస్కృతిక అస్తిత్వం అన్న మాటను ఆమె ముందు ఉచ్చరించినప్పుడు దానికి ఏ అర్థం మిగులుతుందో ఆలోచించండి.

తెలుగు పాఠకుడు ఈ నవలలో వెంటనే గుర్తుపట్టవలసిన మనుషులు ఒసూలు. దేవతకు అంకితమై, ఊరికి దూరంగా బతుకుతూ, స్వతంత్రులతో పెళ్లి సంబంధాలు లేక, తల వెంట్రుకలు కత్తిరించుకునే హక్కు కూడా లేని వెలివారు వాళ్లు. చర్చిలోకి వచ్చిన ఒసూలను జట కట్టిన జుట్టు తీసేయమని అక్కడి మతబోధకుడు కియాగా చెప్పినప్పుడు, చచ్చిపోతామన్న భయంతోనే వాళ్లు ఆ పని చేస్తారు, బతికి బయటపడతారు. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారనీ, వారిలో అత్యధికులు మాదిగలనీ తెలిసినవారికి ఈ ఘట్టం దూరదేశపు కథలా ఉండదు. మెదక్‌లో 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన ఆ పెద్ద చర్చి చుట్టూ ఉన్న పల్లెల్లో కూడా ఇదే ప్రశ్న వేయవచ్చు: ఊరికి బయట ఉంచినవాడు ఊరి సంస్కృతిని వదిలి వెళ్లాడని నిందించే హక్కు ఎవరికి ఉంది?

ఇక్కడ మీకొక హెచ్చరిక చేయాలి. ఇంట్లో బీటలు ముందే ఉన్నాయన్న వాదాన్ని కొంచెం ఏమరుపాటుతో రాస్తే, వలసపాలన మనకు మేలే చేసిందన్న మాటగా అది జారిపోతుంది. మౌఖిక పరీక్షలో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. అచెబె ఆ జారుడుకు అవకాశం ఇవ్వడు. చర్చితో పాటే న్యాయస్థానం, జైలు, కోర్టు బంట్రోతుల లంచగొండితనం ఊళ్లోకి వస్తాయి. రాజీ చర్చలకని పిలిచి ఊరిపెద్దలను బేడీలు వేసి, తల గొరిగించి, జరిమానా కట్టేదాకా నిర్బంధిస్తారు. మొదట వచ్చిన మిషనరీ బ్రౌన్ దొరకు ఊరివారితో కూర్చొని దేవుళ్ల గురించి వాదించే ఓపిక ఉంది. అతని స్థానంలో వచ్చిన స్మిత్‌కు లోకమంతా తెలుపూ నలుపే. పశ్చిమం కూడా ఒక్కటి కాదని అచెబె ఆ ఇద్దరితోనే చెప్పేశాడు. అసమానత ఎక్కడ ఉందంటే, ఉముఓఫియా తన తప్పులను తానే దిద్దుకోవడానికి కావలసిన సమయాన్ని తెల్లవారి పాలన మిగల్చలేదు. ఆ ఊళ్లో ఆచారాల గురించి సందేహించే ఒబియెరికా వంటి మనిషి ముందునుంచీ ఉన్నాడు. అతని సందేహం పండవలసిన చోట ఫిరంగి వచ్చి కూర్చుంది.

సూడాన్ రచయిత తయ్యిబ్ సాలిహ్ అరబ్బీలో 1966లో ప్రచురించిన నవల, డెనిస్ జాన్సన్ డేవిస్ ఇంగ్లీషు అనువాదంలో 'సీజన్ ఆఫ్ మైగ్రేషన్ టు ది నార్త్' పేరుతో 1969లో వచ్చింది. మీరు దీన్ని చదివానని రాశారు గనక కథ మళ్లీ చెప్పను. లండన్‌లో చదివి, చివరికి సూడాన్ పల్లెలో స్థిరపడిన ప్రధాన పాత్ర ముస్తఫా సయీద్ గురించి అందరూ రాస్తారు. బ్రిటిష్ సేనాని కిచెనర్ సైన్యం సూడాన్‌ను గెలిచిన 1898లోనే అతన్ని పుట్టించడం, అతను లండన్‌లో తన గదిని అగరుతో, చందనంతో, తూర్పు మీద ఆంగ్ల స్త్రీలకు ఉన్న కలలన్నిటితో అలంకరించడం, నైలు ఒడ్డున పల్లెలో తాళం వేసిన గదిలో ఇంగ్లీషు పొయ్యితో సహా ఒక పూర్తి ఆంగ్ల గ్రంథాలయాన్ని దాచుకోవడం, ఆ గదిలో ఖురాను కూడా ఇంగ్లీషులోనే ఉండడం, ఇవన్నీ వ్యాసాలకు అందమైన వనరులు. నా దృష్టిలో నవలకు గుండెకాయ మాత్రం లండన్‌లో లేదు, ఆ పల్లెలోనే ఉంది. సయీద్ ఆ పల్లెలో పెళ్లాడిన భార్య హుస్నా వితంతువు అయిన తరువాత, మళ్లీ పెళ్లి వద్దని ఆమె మొరపెట్టుకుంటున్నా, ముదుసలి అయిన వద్ రయ్యిస్‌కు ఆమెను కట్టబెడతారు. అతన్ని చంపి తానూ చనిపోతానని ముందే చెప్పిన ఆమె అన్నంత పనీ చేస్తుంది. ఊరంతా ఆమెనే శపిస్తుంది. లండన్‌లో సయీద్ తన ఆంగ్ల భార్యను చేసిన హత్యకు న్యాయస్థానంలో తత్త్వచర్చ జరిగింది, పండితులు అతని పక్షాన వాదించారు, రెండు నాగరికతల ఘర్షణ అని పేరు పెట్టారు. హుస్నా చేసిన హత్యకు ఆ గౌరవం కూడా దక్కలేదు, ఆ విషయం ఎత్తవద్దని ఊరు నోరు మూసుకుంది. ఇంగ్లీషు కవి మీద పరిశోధన చేసి, డాక్టరేటుతో తిరిగివచ్చిన కథకుడు ఆమె కాపాడమని అడిగినప్పుడు ఏమీ చేయకుండా ఖార్టూంకు వెళ్లిపోయినవాడే. ప్రాక్పశ్చిమ సంఘర్షణ అనే పెద్ద మాట వెనుక ఒక సామాన్యమైన పిరికితనం ఎలా దాక్కోగలదో సాలిహ్ చూపినంత నిర్దాక్షిణ్యంగా మరొకరు చూపినట్టు నాకు తెలియదు. మీరు ఒక్క నవల మీదే ఒక అధ్యాయం మొత్తం రాయదలిస్తే ఈ నవలనే ఎంచుకోమంటాను.

భారతీయ ఆంగ్ల నవలాకారుడు రాజారావు విషయంలో నా అభిప్రాయం మీ పాఠ్యప్రణాళికతో కలవకపోవచ్చు. ఆయనకు మన ఊరితో దగ్గరి సంబంధం ఉంది. తండ్రి నిజాం కళాశాలలో కన్నడం బోధించారు, కొడుకు మదర్సా ఎ ఆలియాలోనూ తరువాత నిజాం కళాశాలలోనూ చదివి ఫ్రాన్సు వెళ్లారు. 1960 నాటి 'ది సర్పెంట్ అండ్ ది రోప్' ప్రాక్పశ్చిమ నవలలకు శిఖరమని చెప్పే ఆనవాయితీ ఉంది, దానికి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి కూడా వచ్చింది. రామస్వామికీ ఫ్రెంచి భార్య మాడలీన్‌కూ మధ్య వివాహం విచ్ఛిన్నం కావడాన్ని వేదాంతం స్థాయికి తీసుకెళ్లిన తీరులో ఎంతో ప్రతిభ ఉంది, ఆ వచనంలో సంస్కృత శ్లోకపు ఊపిరి ఉంది. అయినప్పటికీ అందులోని భారతదేశం ఒక బ్రాహ్మణ యువకుడి మనసులో నిలిచిన సంస్కృత భారతదేశం. ఆయన చదువుకున్న నగరంలో వీధి వీధినా వినిపించిన దక్కనీ, ఉర్దూ, తెలుగు ఆ భావనకు పునాదులు కాలేదు. తమాషా ఏమంటే, నవలలో తూర్పు సాధనను కఠోరంగా ఆచరించేది మాడలీన్. బౌద్ధంలోకి వెళ్లి, ఉపవాసాలతో, జపంతో ఆమె శరీరాన్నే మరచిపోతుంది. రామస్వామి ఉపన్యసిస్తాడు, ఆమె ఆచరిస్తుంది. రచయిత దీన్ని ఉద్దేశించాడా లేదా అన్నది తేల్చడం కష్టం. మీ వ్యాసంలో ఈ వైరుధ్యాన్ని పట్టుకుంటే, పూజాభావంతో రాసిన అనేక వ్యాసాల నుంచి అది వేరుగా నిలుస్తుంది.

కెన్యా రచయిత గూగీ వా థియాంగో దగ్గర భాష ప్రశ్న వస్తుంది. 1965లో వచ్చిన 'ది రివర్ బిట్వీన్'లో హొనియా నదికి అటూ ఇటూ కామెనో, మకూయు అనే రెండు కొండవరుసలు ఉంటాయి. ఒకటి ఆచారానికీ మరొకటి క్రైస్తవానికీ స్థావరం గనక, రెండు వరుసల పద్ధతికి ఈ నవల అచ్చంగా సరిపోతుందని విద్యార్థులు సంబరపడతారు. ముథోనీ ఆ పద్ధతిని చెదరగొడుతుంది. మత ప్రచారకుడి కూతురై ఉండి, తండ్రి నిషేధించిన స్త్రీ సున్తీని తానే కోరి చేయించుకొని, ఆ గాయంతోనే చనిపోతూ, తనకు ఏసు కనిపిస్తున్నాడనీ, తాను తెగలో అందమైన స్త్రీననీ అక్క న్యాంబురాకు కబురు పంపుతుంది. ఆమె కోరింది రెండూ. రెండు కొండల పెద్దలూ దానికి ఒప్పుకోరు. ఆమె శరీరం మీద ఎవరి మాట చెల్లాలన్నదే వారి తగవు. 1929 ప్రాంతంలో గికూయు సమాజంలో ఈ ఆచారం మీద మిషన్లతో వచ్చిన పెద్ద వివాదాన్నీ, దాని వెనువెంటనే బలపడిన స్వతంత్ర పాఠశాలల ఉద్యమాన్నీ నేపథ్యంగా చదువుకోండి. అది లేకుండా కథానాయకుడు వైయాకి చదువు కోసం ఎందుకంత ఆరాటపడతాడో అర్థం కాదు.

అదే గూగీ 1977లో కొత్త పాలకుల మీద తీవ్ర విమర్శతో ఇంగ్లీషులో రాసిన 'పెటల్స్ ఆఫ్ బ్లడ్' నవలను ప్రభుత్వం సహించింది, ఒక మంత్రే దాన్ని ఆవిష్కరించాడు. అదే ఏడాది కమిరీథు పల్లెలో రైతులూ కూలీలూ కలిసి గూగీ మాతృభాష గికూయులో నాటకం ఆడినప్పుడు దాన్ని నిషేధించి, ఏడాది చివర ఆయనను నిర్బంధించింది. ఆ ప్రభుత్వం స్వతంత్ర కెన్యా ప్రభుత్వం, తెల్లవారిది కాదు. జైలులో మరుగుదొడ్డి కాగితం మీద గికూయులో రాసిన నవల 1980లో వెలువడింది. ఇంగ్లీషులో అది 'డెవిల్ ఆన్ ది క్రాస్'. దాన్ని వరవరరావు తానూ జైలులో ఉండగానే 'మట్టికాళ్ల మహారాక్షసి'గా తెలుగు చేశారు. నైరోబీ జైలు నుంచి తెలుగు జైలు దాకా సాగిన ఈ ప్రయాణంలో ఇంగ్లీషు నడుమ వారధిగా మాత్రమే నిలబడింది. ఇంగ్లీషు శాఖలో కూర్చొని రాస్తున్న మనకు ఇది ఆలోచించదగిన విషయం.

సిద్ధాంతకర్తల గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే విద్యార్థులు ఇక్కడే పుటలు వృథా చేస్తారు. వలసపాలనను విమర్శించిన ఫ్రాంట్జ్ ఫానన్ రాసిన 'ది రెచెడ్ ఆఫ్ ది ఎర్త్'లో జాతీయ సంస్కృతి మీద ఉన్న అధ్యాయం తప్పనిసరి. విద్యావంతుడు మొదట పాలకుడిని అనుకరించి, తరువాత గతాన్ని కీర్తించి, ఆ తరువాతే ప్రజల దగ్గరికి వస్తాడన్న ఆయన వరుస మీకు చాలాచోట్ల పనికొస్తుంది. ఇంగ్లీషు సాహిత్యం పాఠ్యాంశంగా మన దేశంలో ఎలా రూపుదిద్దుకుందో గౌరీ విశ్వనాథన్ 1989 నాటి 'మాస్క్స్ ఆఫ్ కాంక్వెస్ట్'లో చూడండి. రెండు సంస్కృతుల కలయికలో మూడో రకం అస్తిత్వం పుడుతుందనే హోమీ భాభా సంకరత్వ సిద్ధాంతాన్ని అవసరమైతేనే వాడండి. ప్రతి పాత్రనూ సంకరమని తేల్చేస్తే, న్నెకాకూ రామస్వామికీ తేడా మిగలదు.

ఇక తెలుగు నవల. దానికి ఈ చర్చలో చోటుందా అని మొహమాటంగా అడిగారు. విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు' ఈ విషయం మీద వచ్చిన పెద్ద నవలలలో ఒకటి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1934లో దానికీ అడివి బాపిరాజు 'నారాయణరావు'కూ కలిపి బహుమతి ఇచ్చింది. పి.వి. నరసింహారావు దాన్ని 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి తెచ్చారు. సుబ్బన్నపేటలో వేయి పడగల సర్పం ఒక్కొక్క పడగనే కోల్పోవడమూ, ఉముఓఫియా విచ్ఛిన్నం కావడమూ పక్కపక్కన పెట్టి చదవదగినవి. వలసపాలనలో ఒక ఊరి ధర్మవ్యవస్థ శిథిలమవుతున్నదన్న దుఃఖం రెండింటిలోనూ ఉంది. తేడా ఏమిటంటే, అచెబె ఆ వ్యవస్థ గాయపరచినవారికి కూడా కొన్ని వాక్యాలు మిగిల్చాడు. విశ్వనాథ, ఎంత మహాశిల్పి అయినా, వ్యవస్థను మోస్తున్న ధర్మారావు కంటితోనే అంతటినీ చూశారు. ఆ కన్ను చూడని వైపు ఏముందో తెలియాలంటే, దానికి పదేళ్లకు పైగా ముందే, 1922లో, ఉన్నవ లక్ష్మీనారాయణ రాసిన 'మాలపల్లి'ని చదవాలి. మాలపల్లెలోని రామదాసు ఇంటి నుంచి చూసినప్పుడు, అతని కొడుకు సంగదాసును చంపిన చౌదరయ్య గ్రామంలోనివాడే, నవలను నిషేధించినది మాత్రం మద్రాసు ప్రభుత్వం. ఈ రెండు అధికారాలూ ఒకదానికొకటి ఎలా తోడు నిలిచాయన్నది అధ్యాయానికి సరిపడే ప్రశ్న.

మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టర్ పార్వతీశం' మొదటి భాగం 1920ల నడుమ వచ్చింది. దాన్ని హాస్యమని పక్కన పెట్టకండి. మొగల్తూరు నుంచి బయలుదేరి, దొరల ఠీవి కోసం ఆడవాళ్ల టోపీ కొని నెత్తిన పెట్టుకున్న పార్వతీశం, తాను నవ్వులపాలైనా ముక్కలైపోడు, నేర్చుకుంటాడు, ముందుకు వెళతాడు. సీమకు వెళ్లిన ప్రతివాడూ రెంటికీ చెడాలన్న నియమం నవలలది కాదు, విషాదాంతాన్ని గంభీరమని నమ్మిన విమర్శకులది. తెలంగాణ వైపు వస్తే, దాశరథి రంగాచార్య 1969లో రాసిన 'చిల్లర దేవుళ్ళు'లో తెల్లదొర దాదాపు కనిపించడు. దొర అంటే ఊళ్లో గడీలో ఉన్నవాడే, ఆ గడీలో ఆడబాపలు (దొర కుటుంబానికి కట్టుబడిన దాసీలు) ఉంటారు, పైన నిజాం పాలన ఉంటుంది. దీన్ని వలసానంతర నవల అనవచ్చా అని మీ పర్యవేక్షకులు అడిగితే, అనకపోతే ఆ నిర్వచనంలోనే లోపం ఉందని చెప్పే ధైర్యం మీకు ఉండాలి. నిజాం వెనుక రెసిడెంటు ఉన్నాడన్న సంగతిని మరవకుండానే ఆ మాట చెప్పవచ్చు.

ఆచరణకు వస్తే, ఎనిమిది నవలలు పెట్టుకోకండి. సాలిహ్, అచెబె, 'వేయిపడగలు' చాలు. 'మాలపల్లి'ని విశ్వనాథకు ఎదురుసాక్షిగా ఒక అధ్యాయంలో తీసుకురండి. రాజారావు మీ పాఠ్యప్రణాళికలో తప్పనిసరి అయితే ఆయనను ఉపోద్ఘాతంలో చర్చించి వదిలేయండి. సమయం మిగిలితే సెనెగల్ రచయిత షేక్ హమీదూ కేన్ 1961లో ఫ్రెంచిలో రాసిన 'యాంబిగ్యువస్ అడ్వెంచర్' చిన్న పుస్తకం, చదవండి. అందులో మగవారి సభలో నిలబడి, తనకు నచ్చని పరాయి బడికే పిల్లలను పంపాలని వాదించే రాచస్త్రీ ప్రసంగం మీ వాదానికి నేరుగా ఉపకరిస్తుంది. న్యాయం తమ వైపు లేకుండానే గెలిచే విద్యను ఆ పరాయివారి దగ్గర నేర్చుకోవాలని ఆమె అంటుంది.

శీర్షిక నుంచి 'ప్రాక్పశ్చిమ సంఘర్షణ' అన్న మాటను తీసేసి, మూడు నవలల్లో ఇల్లు, వెలి, అధికారం అన్న దిశగా మార్చుకోమని నా సలహా. మీ పర్యవేక్షకుల అభ్యంతరం సగం అక్కడే తీరుతుంది. తెలుగు ఉల్లేఖనాలను మీరే అనువదించి, మూలాన్ని అనుబంధంలో ఇవ్వండి. విశ్వనాథ వాక్యాన్ని ఇంగ్లీషులోకి తేవడం తేలిక కాదు, దానికి విడిగా సమయం కేటాయించుకోండి. ఆయన నవల చాలా పెద్దది కూడా, కనుక ఈ సెలవుల్లోనే మొదలుపెట్టడం మంచిది.